పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా?



అన్నం తింటుండగా ఎవరికైనా పొలమారిందనుకోండి, పక్కనున్నవాళ్లు నడినెత్తిన అరచేత్తో తడతారు. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. దగ్గే మనిషి కళ్లనీళ్లు తుడుచుకుంటూ, తలుచుకునేది ఎవరా అని పేర్లు వెతుక్కుంటాడు. మా కంకిపాడు వైపు ఆ పేర్లకు కొదవ లేదు. పోరంకి, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, ఇలా బెజవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు పొడుగునా ఎన్నో మేడల్లో ఇద్దరేసి పెద్దవాళ్లే ఉంటున్నారు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. రాత్రి భోజనాల దగ్గర పెద్దాయనకి పొలమారితే "అబ్బాయి నిద్ర లేచుంటాడండీ, మిమ్మల్ని తలుచుకుంటున్నాడు" అంటుంది ఆవిడ. ఎప్పుడో ఓసారి అయితే అలాగే అనుకోవచ్చు, ముచ్చటగానూ ఉంటుంది. పూటపూటా పొలమారుతూ, దానికి తోడు ఆయన గొంతు ఈమధ్య పీలగా, గాలి గాలిగా వస్తుంటే మాత్రం ఆ రెండింటినీ కలిపి చూడాలి. మన ఇళ్లలో కలిపి చూడరు. గొంతు తగ్గితే "వయసు కదా" అని ఊరుకుంటారు. పొలమారితే "నెమ్మదిగా తినరాదూ" అని కసురుకుంటారు. ఈ రెండూ ఒకే చోట పుట్టే ఇబ్బందులని చెప్పడానికే ఇవాళ మైకు ముందు కూర్చున్నాను.

రేడియో వింటూనే ఓ చిన్న పని చేయండి. మెడ ముందు, మగవాళ్లకి ముడిలా పొడుచుకొచ్చే చోట, రెండు వేళ్లు ఆనించండి. గుటక వేయండి. ఆ ముడి గబుక్కున పైకి లేచి మళ్లీ దిగింది కదూ! ఇప్పుడు నోరు మూసుకుని కిందిస్థాయిలో "ఊఁ" అని మొదలుపెట్టి, సన్నగా పైకి రాగం తీయండి. మళ్లీ లేచింది. మనకి మాటనిచ్చేదీ, మింగేటప్పుడు గాలిగొట్టాన్ని కాపాడేదీ ఆ ఒక్క పెట్టే. స్వరపేటిక అంటారు దాన్ని. మాట్లాడటం దానికి తర్వాత అబ్బిన విద్య. మొదటి నుంచీ దాని అసలు ఉద్యోగం కాపలా.

ఆ పెట్టెలో రెండు స్వరతంత్రులుంటాయి. మగవారిలో సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు, ఆడవారిలో ఇంకాస్త తక్కువ. ఊపిరి పీల్చేటప్పుడు విడిపోతాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకొచ్చి, మగగొంతులో సెకనుకు 120 సార్లకు అటూ ఇటూగా, ఆడగొంతులో 200 సార్ల పైచిలుకుగా కదులుతాయి. మింగేటప్పుడు గట్టిగా మూసుకుంటాయి. అదే క్షణంలో పెట్టె మొత్తం పైకీ ముందుకీ జరిగి నాలుక మొదలు కిందికి దూరుతుంది, పైనుంచి ఆకు ఆకారంలో ఉన్న మూత ఒకటి వంగుతుంది, ఊపిరి ఆగుతుంది. ముద్ద వెనకనున్న అన్నవాహికలోకి జారిపోతుంది. ఆ తర్వాత మామూలుగా ఊపిరి బయటికే వస్తుంది, దారిలో మెతుకేదైనా మిగిలితే బయటికి నెట్టడానికి. ఇదంతా ఒక్క సెకనులో అయిపోతుంది. రోజుకు కొన్ని వందల సార్లు, నిద్రలో సైతం, మనకి తెలియకుండా జరుగుతూనే ఉంటుంది.

కాలువల మీద లాకులు చూసినవాళ్లకి ఇక్కడి నుంచి చెప్పడం తేలిక. లాకు తలుపులు రెండూ ఎంత బరువైనవైనా, కలిసే చోట అంగుళం సందు పడితే నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. పైన నీటిమట్టం నిలవదు. వయసు పైబడిన గొంతులోనూ అంతే. స్వరతంత్రుల్లోని కండ పలచబడుతుంది, సాగే గుణం తగ్గుతుంది. రెండు కొసలూ కలిసినా నడుమ వంపు తిరిగి సన్నని సందు మిగులుతుంది. మాట్లాడేటప్పుడు ఆ సందులోంచి గాలి వృథాగా పోతుంది. అందుకే గొంతు గాలి గాలిగా ఉంటుంది, వాక్యం పూర్తి కాకముందే ఊపిరి అందదు. దగ్గు సంగతీ ఇదే. దగ్గాలంటే తలుపులు బిగించి, కింద గాలిని బిగబట్టి, ఒక్కసారిగా వదలాలి. తలుపే బిగుసుకోకపోతే ఒత్తిడి ఎక్కడ నిలుస్తుంది? ఖంగుమనాల్సిన దగ్గు ఉఫ్‌మంటుంది. లోపలికి పోయిన నీటిచుక్కని బయటికి తేవాల్సింది ఆ దగ్గే కదా.

గొంతు పీలబోయిన ప్రతివాళ్లకీ తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందని కాదు నా మాట. కాపలాకి ఇంకా ఏర్పాట్లున్నాయి, చాలామందిలో అవి బాగానే పనిచేస్తాయి. కానీ గొంతు మనకి వినపడుతుంది, మింగడం కనపడదు. కనపడని దాని కబురు వినపడే దానితో అందుతోందంటే చెవిన పెట్టాలా వద్దా?

ఈ తలుపులు బతికున్న మనిషి గొంతులో ఎలా కదులుతాయో మొదట శ్రద్ధగా చూసి చెప్పినవాడు డాక్టరు కూడా కాదు, పాటలు నేర్పే మేష్టారు. మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ దేశస్థుడు 1854లో పారిస్‌లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం గొంతులోకి పెట్టుకుని, చేతి అద్దంతో ఎండని అందులోకి మళ్లించి, తన స్వరతంత్రుల్ని తనే చూసుకున్నాడు. మరుసటి ఏడు, 1855లో, లండన్ రాయల్ సొసైటీలో ఆ సంగతి చదివారు. మనకి బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయింది కూడా ఆ ఏడే. సంబంధమేమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుందని చెప్పాను. గార్సియా 101 ఏళ్లు బతికాడు.

వయసుతో గొంతు మారే తీరు ఆడవారిలో ఒకలా, మగవారిలో ఒకలా ఉంటుంది. మగవారి గొంతు సన్నబడి పైకి పోతుంది. ఆడవారి గొంతు ముట్లుడిగాక కిందికి దిగుతుంది. మామ్మ ఫోనెత్తితే అవతల బ్యాంకు అబ్బాయి "చెప్పండి సార్" అనడం, ఆవిడ ఫోను పెట్టేసి గంటసేపు తిట్టిపోయడం చాలా ఇళ్లలో జరిగేదే. అది జబ్బు కాదు.

జబ్బు దాగుండే చోటు వేరు. ఎనభైకి దగ్గరపడ్డ దంపతుల ఇంట్లో ఆయన "మా ఆవిడకి చెవుడొచ్చింది, ఒక్కమాటా వినిపించుకోదు" అంటాడు. ఆవిడ "ఆయన నోట్లోనే గొణుక్కుంటాడు" అంటుంది. పిల్లలు ఆవిడకి వినికిడి యంత్రం కొనిపెడతారు. నిజంగా ఆవిడకి చెవుడు ఉండొచ్చు కూడా. కానీ ఆయనకి పార్కిన్సన్స్ జబ్బు మొదలై ఉంటే, చెయ్యి వణకడానికి ముందే గొంతు తగ్గిపోవచ్చు. విచిత్రమేమిటంటే తన గొంతు తగ్గిందని ఆ మనిషికి తెలియదు, తను మామూలుగానే మాట్లాడుతున్నానని గట్టిగా నమ్ముతాడు. గట్టిగా మాట్లాడమంటే "అరవమంటారా?" అని కోప్పడతాడు. ఈ జబ్బులో మింగడమూ నెమ్మదిస్తుంది, చొంగ కారడం మొదలవుతుంది. కాబట్టి ఎవరి చెవి, ఎవరి గొంతు అనే తగువు ఇంట్లో తేల్చుకోవద్దు. ఇద్దర్నీ చూపించండి.

పొలమారడం దగ్గరికొద్దాం. పొలమారి దగ్గు వచ్చిందంటే కాపలావాడు మెలకువగానే ఉన్నాడన్నమాట. అసలు భయం దగ్గు రాని చోట. వయసుతో, పక్షవాతంతో, నిద్రమాత్రలతో గొంతులో స్పర్శ మందగిస్తే నీళ్లు గాలిగొట్టంలోకి జారినా ఏమీ తెలియదు. మనకి కనపడేది తర్వాతి సంగతే: కాఫీ తాగాక గొంతు తడిగా, గురగురమంటూ పలుకుతుంది. భోజనానికి ముప్పావు గంట పడుతుంది. మంచినీళ్లంటే మొహం తిప్పుకుంటారు. మనిషి చిక్కిపోతాడు. మాటిమాటికీ జ్వరం, ఆయాసం. ఎక్స్‌రే తీస్తే తరచుగా కుడి ఊపిరితిత్తి అడుగున మచ్చ కనపడుతుంది. కుడివైపు గాలిగొట్టం కాస్త నిటారుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి పడ్డవి ఎక్కువగా అటే పోతాయి. యాంటిబయాటిక్స్‌తో తగ్గుతుంది. రెండు నెలలకి మళ్లీ వస్తుంది. "నాన్నగారికి ఊపిరితిత్తులు వీక్" అనుకుంటాం. ఆ ఊపిరితిత్తుల్లోకి పోయేది మనమే గ్లాసులో పోసి ఇస్తున్నామేమో చూసుకోం.

మన అలవాట్లలో నన్ను ఎక్కువగా భయపెట్టేది గ్లాసు ఎత్తి పోసుకోవడం. ఎంగిలి కాకూడదని తల వెనక్కి వాల్చి, చెంబు పెదవికి తగలకుండా గటగటా పోసుకుంటాం. ఇరవై ఏళ్లప్పుడు అది దర్జా. డెబ్భై ఐదేళ్లప్పుడు, తల వెనక్కి వాలితే గొంతు పెట్టె పైకి లేవడం కష్టమవుతుంది, నీటిధార మన ఆజ్ఞ కోసం ఆగదు, నాలుక దాన్ని పట్టి ఉంచలేదు. పెద్దవాళ్లకి విడిగా ఒక గ్లాసు పెట్టండి, కరిచిపట్టుకుని తాగనివ్వండి. గడ్డం కాస్త దించి, చిన్న గుక్క, మింగాక ఇంకోటి. గ్లాసు అడుగంటేకొద్దీ తల పైకెత్తాల్సి వస్తుంది, అందుకని వెడల్పు మూతి గ్లాసు మంచిది, సగం కాగానే మళ్లీ నింపడం ఇంకా మంచిది.

పల్చటి మజ్జిగ పోసిన అన్నం కూడా అంత తేలికైందేమీ కాదు. నోట్లో ద్రవం ఒక దారిన పరిగెడుతుంది, మెతుకు నమలడానికి ఆగుతుంది. రెంటినీ ఒకేసారి సంభాళించడం బలహీనమైన గొంతుకి కష్టం. గడ్డపెరుగు మెత్తగా కలిపిన అన్నం ఎంతో సుఖం. మరమరాలు, అటుకులు, వేయించిన పల్లీలు, పొడిపొడి సున్నుండ, ఇవి పళ్లులేనివాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాల్సినవి. రాగిజావ, సగ్గుబియ్యం జావ చాలామందికి బాగా దిగుతాయి. అలాగని ఎవరో చెప్పారని పెద్దాయన తాగే ప్రతిదాన్నీ చిక్కబరిచేయకండి. చిక్కటి నీళ్లు ఎవరికీ రుచించవు, మొత్తానికే తాగడం మానేస్తారు. రోహిణీకార్తె ఎండల్లో బెజవాడలో అది ఇంకో ప్రమాదం. ఎంత చిక్కగా, ఎవరికి అన్నది మింగడం పరీక్షించినవాళ్లు చెప్పాలి.

ఇంకో అలవాటుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోయాడంటే నలుగురూ చేరి "సోడా తాగించండి, నీళ్లు పోయండి" అంటారు. మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, చెయ్యి పడిపోయిందంటే అది పక్షవాతం. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడం సరిగా ఉండదు. సోడా వద్దు, కాఫీ వద్దు, మాత్ర కూడా వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మింగుడు చూశాకే నోటికి ఏదైనా ఇవ్వాలి. మంచం పట్టినవాళ్లకి కూడా పడుకున్నపళంగా స్పూనుతో పోయకూడదు. నడుము దగ్గర నుంచి లేపి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టి పెట్టాలి. తిన్నాక అరగంటైనా అలాగే కూర్చోనివ్వాలి. ముద్ద నోట్లో ఉండగా "బాగుందా అమ్మా?" అని అడగకండి. జవాబు చెప్పడానికి తలుపు తెరవాలి కదా పాపం.

నోటి శుభ్రం సంగతి చెప్తే చిన్నబుచ్చినట్టు చూస్తారుగానీ, జపాన్‌వాళ్లు దీన్ని లెక్కలేసి చూశారు. 11 వృద్ధాశ్రమాల్లో సగం మందికి రోజూ భోజనమయ్యాక నర్సులు పళ్లు తోమారు, మిగతావారిని వాళ్ల మానాన వదిలారు. రెండేళ్లలో మామూలుగా వదిలేసినవారిలో నూటికి 19 మందికి నిమోనియా వస్తే, తోమించుకున్నవారిలో 11 మందికే వచ్చింది. 2002లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. నిద్రలో మన ఉమ్మి కొద్దిగా ఎలాగూ కిందికి జారుతుంది. అందులో ఎన్ని క్రిములు ఉంటాయన్నది నోట్లోని పాచి మీద ఆధారపడుతుంది. కట్టుడుపళ్లు రాత్రి తీసి, తోమి, నీళ్లలో వేయాలి. పళ్లన్నీ ఊడిపోయినా సరే, నాలుకా చిగుళ్లూ తుడవాలి. మందులన్నింటిలోకీ చవకైనది ఇదే.

గొంతుకి మళ్లీ బలం వస్తుందా అని అడుగుతారు. చాలావరకు వస్తుంది, పని చెప్తే. మా కృష్ణా డెల్టాలో ఒకప్పటి పద్యనాటకం చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు తెల్లవార్లూ ఆడేవారు. పద్యం చివర రాగం తీసి తీసి వదిలితే "వన్స్ మోర్" అని పందిరి ఎగిరిపోయేది. నాటకం ఆడనివాళ్లు సైతం పొలంలో, కాలవగట్టు మీద ఆ పద్యాలే పాడుకునేవారు. ఇప్పుడు ఆలోచిస్తే గొంతుకి అంతకంటే కసరత్తు ఏముంది? నిండా ఊపిరి పీల్చి, తలుపులు బిగించి, గాలిని పొదుపుగా వదులుతూ, రాగాన్ని పైస్థాయికి లాగడం. ఇందాక వేలు పెట్టి చూశారుగా, రాగం పైకి పోతే పెట్టె లేస్తుంది, గుటకకీ అదే లేస్తుంది. మన విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. ఇక్కడ పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు. అందరి గొంతూ ఆయన గొంతు కాదు, నిజమే. కానీ వాడే గొంతు వాడని గొంతు కంటే మెరుగన్నది అందరికీ వర్తిస్తుంది.

అమెరికాలో లొరెయిన్ రేమిగ్ అనే ఆవిడ 1980ల చివర్లో పార్కిన్సన్స్ రోగుల కోసం ఒక సాధన తయారుచేసింది. వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు, రోజుకో గంట. అందులో చెప్పేదంతా ఒక్కటే: గట్టిగా. "ఆ" అని నిలిపినా గట్టిగా, మాట్లాడినా గట్టిగా. గొంతు పెరిగింది. తర్వాత ఎనిమిది మందిని పరిశీలిస్తే మింగడం కూడా కొంత మెరుగైనట్టు కనిపించింది. ఎనిమిది మందంటే చిన్న లెక్కే, దాని మీద మేడలు కట్టను. అయినా నాకు ఆశ్చర్యం వేయలేదు.

ఇంట్లో చేయదగ్గది: పొద్దున్నే కూర్చుని, ఊపిరి పీల్చి "ఆ..." అని సాధ్యమైనంతసేపు నిలపడం. పది సెకన్ల లోపే పదే పదే తెగిపోతుంటే డాక్టరుకి చెప్పండి. తర్వాత కింది నుంచి పైకి, పైనుంచి కిందికి రాగం. తర్వాత పేపరు ఓ పేజీ పైకి చదవడం, వచ్చిన పద్యాలు, విష్ణు సహస్రనామమో, బైబిలు కీర్తనో, ఖురాను పారాయణమో, నోటికి ఏది వస్తే అది, గదికి వినపడేట్టు. గొంతు నొప్పి పుట్టేలా అరవకూడదు. అసలు ఇబ్బంది ఏమిటంటే పెద్దవాళ్లతో మాట్లాడేవాళ్లే లేరు. రోజంతా టీవీ మాట్లాడుతుంది, వాళ్లు వింటారు. ఆదివారం వాట్సాప్ కాలు వచ్చేదాకా గొంతుకి పనే ఉండదు.

ఆ వాట్సాప్ కాలు చేసే పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే మీకో పని చెప్తాను. "తిన్నావా అమ్మా" అని అడిగి ఊరుకోకండి. అమ్మ జవాబు చెప్పే గొంతు వినండి. మొన్నటి కంటే గాలిగా ఉందా, తడిగా గురగురమంటోందా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోందా. రోజూ పక్కనుండేవాళ్లకి తెలియని తేడా వారానికోసారి వినేవాళ్లకి చప్పున తెలుస్తుంది.

ముద్ద నిజంగా అడ్డం పడి మనిషి దగ్గలేక, మాట రాక, మెడ పట్టుకున్నాడంటే నెత్తి మీద తట్టి లాభం లేదు. ముందుకి వంచి, రెండు రెక్కల నడుమ వీపు మీద అరచేతి మొదలుతో గట్టిగా అయిదుసార్లు చరచండి. రాకపోతే వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి, బొడ్డుకి పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజండి. వచ్చేదాకా ఇదీ అదీ మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లతో 108కి చెప్పించండి. స్పృహ తప్పితే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. కడుపు మీద గుంజే పద్ధతి 1974లో హెన్రీ హైమ్లిక్ అనే డాక్టరు చెప్పింది. 2016లో, తనకి 96 ఏళ్లప్పుడు, సిన్సినాటిలో తానుండే వృద్ధుల నివాసంలో భోజనాల బల్ల దగ్గర 87 ఏళ్ల ఆవిడకి మాంసం ముక్క అడ్డం పడితే, ఆయనే లేచి ఆ పని చేసి బతికించాడు. కానీ దగ్గగలిగే మనిషికి ఇవేవీ చేయకూడదు. ముందుకి వంచి దగ్గనివ్వండి, చాలు.

ఇక డాక్టరు దగ్గరికి ఎప్పుడు? బొంగురు మూడు వారాలు దాటితే ఎవరైనా సరే ఈఎన్‌టీ డాక్టరుకి గొంతు చూపించాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ అలవాటున్నవాళ్లు ఇంకా ముందే. ఎడమవైపు స్వరతంత్రికి వెళ్లే నరం నేరుగా గొంతులోకి రాదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి పైకొస్తుంది. అందుకే ఊపిరితిత్తిలో గడ్డ మొదట బొంగురు గొంతుగా బయటపడొచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోతే ఆ సంగతీ చెప్పాలి.

ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి స్వరతంత్రుల్ని తెర మీద చూస్తారు. అదే గొట్టం ఉంచి రంగు కలిపిన నీళ్లు, పెరుగు తాగించి ఎటు పోతుందో చూసే పరీక్షా ఉంది. నొప్పి తక్కువ, తుమ్ము ఎక్కువ. తలుపుల మధ్య సందు ఉంటే మొదట సాధన చేయిస్తారు. చాలకపోతే తంత్రిలోకి జెల్ లాంటి పదార్థం ఎక్కించి లావు చేస్తారు. అది కొన్ని నెలలు నిలుస్తుంది. జపాన్‌కి చెందిన ఇషికి 1974లో వివరించిన ఆపరేషన్‌లో అయితే బయటి నుంచి చిన్న ముక్క అమర్చి తంత్రిని నడుమకి జరుపుతారు. ఒకవైపు పడిపోయిన తంత్రికి ఇది బాగా పనికొస్తుంది. గొంతూ దగ్గూ రెండూ గట్టిపడతాయి.

కంకిపాడు నుంచి బెజవాడ ప్రభుత్వాసుపత్రికైనా, మంగళగిరి ఎయిమ్స్‌కైనా పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. వెళ్లేటప్పుడు పెద్దాయన వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి. కొన్ని నోరు ఎండగడతాయి, కొన్ని మత్తు తెస్తాయి. ఆరు నెలల కిందటి ఫోను వీడియో ఒకటి ఉంటే, ఆయన మనవరాలితో మాట్లాడుతున్నది, అదీ డాక్టరుకి వినిపించండి. గొంతు ఎప్పటి నుంచి తగ్గిందన్న ప్రశ్నకి ఇంట్లో నలుగురూ నాలుగు జవాబులు చెప్తారు, వీడియో ఒకటే చెప్తుంది. స్పీచ్ థెరపిస్టు ఉన్నారా అని మొహమాటపడకుండా అడగండి. "ఈ వయసులో ఎందుకండీ" అని పెద్దాయనే అంటాడు, ఆ మాట ఎంత గొంతుతో అన్నాడో డాక్టరుని వినమనండి.